ముర్రుపాలు, మంచి సూక్ష్మజీవులు: పసిబిడ్డ రోగనిరోధక శక్తికి తొలి పునాది

కాన్పు వార్డులో తరచుగా కనిపించే దృశ్యం ఇది. బిడ్డ పుట్టి అరగంట అయింది. తల్లి అలసటతో కళ్లు మూసుకుని పడుకుంది. అమ్మమ్మగారు చేతిసంచిలోంచి చిన్న తేనె సీసా తీస్తారు. "పాలు పడేదాకా పసిగుడ్డు ఆకలితో ఉంటుందా? కాస్త నోరు తీపి చేద్దాం" అంటారు. నర్సమ్మ వద్దంటే, "మా ఆరుగురు పిల్లలకూ ఇలాగే నాకించాం. వాళ్లకేమైంది?" అని నొచ్చుకుంటారు. పక్క మంచం దగ్గర ఒక నాయనమ్మగారు, పసుపుపచ్చగా చిక్కగా వచ్చిన మొదటి పాలను పిండి పారబోయమని కోడలికి చెబుతూ ఉంటారు.

ఈ ఇద్దరికీ బిడ్డ మీద ప్రేమకు కొదవ లేదు. అయితే సరిగ్గా అదే సమయంలో బిడ్డ కడుపులో ఒక పెద్ద పని మొదలవుతూ ఉంటుంది. అది కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. ఆ పని సవ్యంగా సాగితే బిడ్డకు ఎన్నో జబ్బులను ఎదుర్కొనే శక్తి వస్తుంది. ఆ పని ఏమిటో తెలిస్తే తేనె సీసా తిరిగి సంచిలోకి వెళ్తుంది, ముర్రుపాలు బిడ్డ నోట్లోకి వెళ్తాయి.

కడుపులో ఒక ఊరు

సూక్ష్మజీవి అనగానే మనకు జబ్బులే గుర్తుకొస్తాయి. కలరా, టైఫాయిడ్, క్షయ, ఇవన్నీ సూక్ష్మజీవుల వల్ల వచ్చేవే. కాని మన శరీరంలో నివసించే బ్యాక్టీరియాలో అత్యధిక భాగం మనకు హాని చేయవు. వాటిలో చాలావరకు పెద్దపేగులోనే ఉంటాయి. 2016లో శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం ఒక పెద్దమనిషి శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉంటే, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయి. అన్నీ కలిపి తూకం వేస్తే 200 గ్రాములకు మించవు. అంత తేలికైనవి, కాని చేసే పనులు మాత్రం బరువైనవి.

మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని ఇవి పులియబెట్టి మనకు ఉపయోగపడే ఆమ్లాలుగా మారుస్తాయి. కొన్ని రకాల విటమిన్లను తయారుచేస్తాయి. బయటినుంచి వచ్చే హానికర క్రిములకు చోటు, తిండి దొరకకుండా చేస్తాయి. ఊరి నిండా మంచి కాపురాలు ఉంటే దొంగకు ఖాళీ ఇల్లు దొరకదు కదా! ఇదీ అలాంటిదే.

పుట్టే సమయానికి బిడ్డ పేగుల్లో ఈ ఊరు ఇంకా వెలసి ఉండదు. పుట్టిన గంటల్లోనే కాపురాలు మొదలవుతాయి. ఊరు పూర్తిగా స్థిరపడి పెద్దవాళ్ల పేగుల్లోని పద్ధతికి చేరువ కావడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. పుట్టగానే బిడ్డకు విటమిన్-కె ఇంజెక్షన్ ఎందుకు వేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? రక్తం గడ్డకట్టడానికి ఆ విటమిన్ కావాలి. అది తల్లి కడుపులో ఉండగా బిడ్డకు కొద్దిగానే చేరుతుంది, తల్లిపాలలో కూడా తక్కువే. దాన్ని తయారుచేయగల బ్యాక్టీరియా బిడ్డ పేగుల్లో ఇంకా కుదురుకోలేదు. అందుకే ఆ ఇంజెక్షన్.

సైన్యానికి చదువు చెప్పే బడి

మన శరీరంలోని రక్షణ కణాలు ఎక్కువగా ఉండే చోటు ఏది? చాలామంది రక్తం అంటారు. నిజానికి పేగుల గోడల్లో కూడా ఇవి పెద్ద సంఖ్యలో ఉంటాయి. దీనికి కారణం లేకపోలేదు. రోజూ మనం తినే తిండి, తాగే నీరు, వాటితో పాటు వచ్చే క్రిములు అన్నీ ఆ దారినే పోతాయి. ఏది తిండి, ఏది స్నేహితుడు, ఏది శత్రువు అని తేల్చుకోవలసిన కూడలి అదే.

సైనికుడికి తుపాకి ఇస్తే చాలదు, ఎవరి మీద కాల్చకూడదో కూడా నేర్పాలి. రోగనిరోధక శక్తి విషయమూ అంతే. అది బలహీనంగా ఉంటే క్రిములు చెలరేగుతాయి. అదుపు తప్పితే ఉబ్బసం, అలర్జీలు, పేగుల వాపు లాంటి జబ్బులు వస్తాయి. ఎక్కడ పోరాడాలి, ఎక్కడ ఓర్చుకోవాలి అన్న పాఠం నేర్పడంలో పేగుల్లోని మంచి బ్యాక్టీరియా పెద్ద పాత్ర వహిస్తాయి.

ఈ సంగతి ఎలా తెలిసింది? ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకల ద్వారా తెలిసింది. అలాంటి ఎలుకల పేగు గోడల్లో రక్షణ కణాల గుంపులు చిన్నవిగా, ఎదగకుండా ఉండిపోతాయి. పేగుల్లో కాపలా కాసే 'ఐజీఏ' అనే రక్షక పదార్థం కూడా వాటిలో చాలా తక్కువ. మామూలు బ్యాక్టీరియాను వాటి పేగుల్లో ప్రవేశపెడితే ఈ లోపాలు చాలావరకు సర్దుకుంటాయి.

2012లో అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు మరో ముఖ్యమైన విషయం కనుగొన్నారు. సూక్ష్మజీవులు లేకుండా పెరిగిన ఎలుకల పేగుల్లోను, ఊపిరితిత్తుల్లోను ఒక రకం రక్షణ కణాలు అతిగా చేరి వాపును, ఉబ్బసాన్ని పోలిన జబ్బును పెంచాయి. పుట్టిన తొలి రోజుల్లోనే మామూలు బ్యాక్టీరియాను ఇస్తే ఆ ఎలుకలకు రక్షణ దొరికింది. పెద్దయ్యాక ఇస్తే ఆ ఫలితం రాలేదు. మనిషి ఎలుక కాదు, నిజమే. కాని కొన్ని పాఠాలను పసితనంలోనే నేర్వాలని ఈ ప్రయోగం చెబుతోంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు అన్నది ఇక్కడా వర్తిస్తుందేమో!

ముర్రుపాలలో ఏముంది?

కాన్పు అయిన మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కటి పాలే ముర్రుపాలు. పరిమాణంలో కొద్దిగానే ఉంటాయి. మొదటి రోజు బిడ్డ పొట్ట కూడా చిన్నదే కాబట్టి ఆ కొద్దిపాటి పాలే సరిపోతాయి. "పాలు పడలేదు" అని కంగారుపడనక్కర లేదు.

ముర్రుపాలలో ఐజీఏ సమృద్ధిగా ఉంటుంది. బిడ్డ పేగులు సొంతంగా దాన్ని తయారుచేసుకునే వరకు తల్లి ఇచ్చే ఈ ఐజీఏ పేగు గోడలకు పూత పూసినట్టు కాపాడుతుంది. తల్లి అంతకుముందు ఎదుర్కొన్న క్రిములకు తగిన రక్షణే అందులో ఉంటుంది. అంటే ఆ తల్లి ఊరికి, ఆ ఇంటికి సరిపోయే మందు అన్నమాట. ఏ డబ్బాలోనూ అది దొరకదు.

ఇంకో వింత ఉంది. తల్లిపాలలో ఓలిగోశాకరైడ్లు అనే ప్రత్యేకమైన చక్కెరలు ఉంటాయి. పాలలోని మామూలు చక్కెర, కొవ్వుల తరువాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఇదే. ముర్రుపాలలో ఇవి మరీ ఎక్కువ. అయితే బిడ్డ వీటిని అరిగించుకోలేదు! మరి తల్లి శరీరం ఇంత శ్రమపడి బిడ్డకు అరగని పదార్థాన్ని ఎందుకు తయారుచేస్తుంది? ఆ తిండి బిడ్డ కోసం కాదు, బిడ్డ పేగుల్లోని బిఫిడో బ్యాక్టీరియా కోసం. తల్లి ఒక్క బిడ్డకే కాదు, ఆ బిడ్డకు కాపలా ఉండేవాళ్లకు కూడా అన్నం పెడుతోందన్నమాట.

ఈ బిఫిడో బ్యాక్టీరియాను మొదట గుర్తించినది పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన హెన్రీ టిస్సియే అనే వైద్యుడు. 1899 ప్రాంతంలో ఆయన తల్లిపాలు తాగే పిల్లల మలంలో రెండుగా చీలిన కొమ్మలా కనిపించే బ్యాక్టీరియాను చూశారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఇవి ఎక్కువగా ఉండడం గమనించారు. నూరేళ్లకు పైగా గడిచాక, 2021లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించిన పరిశోధన ఆ గమనికకు బలం చేకూర్చింది. ఈ బ్యాక్టీరియా లేని పసిపిల్లల రక్తంలో అనవసరమైన వాపును సూచించే గుర్తులు ఎక్కువగా కనిపించాయి.

ఒడిశా పల్లెల్లో ఏం జరిగింది?

ఇదంతా ప్రయోగశాలల మాట అనుకోకండి. మన పొరుగు రాష్ట్రమైన ఒడిశాలో జరిగిన ఒక పరిశోధన ప్రపంచాన్ని ఆకర్షించింది. పుట్టిన మొదటి వారాల్లో పసిబిడ్డల ప్రాణాలు తీసే జబ్బుల్లో ఒకటి 'సెప్సిస్', అంటే క్రిములు ఒళ్లంతా విషంలా వ్యాపించడం. ఉదయం బాగానే ఉన్న బిడ్డ సాయంత్రానికి పాలు తాగడం మానేస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఆసుపత్రి దూరమైన పల్లెల్లో ఆ రాత్రి ఎంత భయంకరమో అనుభవించిన తల్లిదండ్రులకే తెలుసు.

డాక్టర్ పినాకి పాణిగ్రాహి నాయకత్వంలో పరిశోధకులు ఒడిశాలోని 149 గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువులను ఎంచుకున్నారు. అందరూ పుట్టినప్పుడు కనీసం 2 కిలోల బరువున్నవారు, తల్లిపాలు తాగుతున్నవారు. వారిలో సగం మందికి 'లాక్టోబాసిల్లస్ ప్లాంటారం' అనే మంచి బ్యాక్టీరియాను, దానికి తిండిగా ఒక రకం చక్కెరను కలిపి ఏడు రోజులు ఇచ్చారు. మిగతా సగానికి చూడడానికి అలాగే ఉండే వట్టి పొడి ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో తల్లిదండ్రులకు గాని, ఇచ్చినవారికి గాని తెలియదు. తరువాత ప్రతి బిడ్డనూ 60 రోజుల వయసు వచ్చేవరకు గమనించారు.

2017 ఆగస్టులో 'నేచర్' పత్రికలో ఫలితం వెలువడింది. వట్టి పొడి అందుకున్న ప్రతి 100 మంది పిల్లల్లో 9 మందికి సెప్సిస్ గాని మరణం గాని సంభవించింది. బ్యాక్టీరియా అందుకున్నవారిలో అది 5.4 మాత్రమే. అంటే ముప్పు 40 శాతం తగ్గింది. మరణాలు రెండు గుంపుల్లోనూ కొద్దే కాబట్టి ఈ మేలు ముఖ్యంగా జబ్బు తగ్గడంలో కనిపించింది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గడం మరీ ఆశ్చర్యం. పేగుల్లో వేసిన మంచి విత్తనం రొమ్ములోని జబ్బును కూడా ఆపిందంటే, అది కేవలం కడుపుకు సంబంధించిన విషయం కాదని తెలుస్తోంది.

అయితే ఇక్కడొక జాగ్రత్త. ఇది చదివి ఎవరూ మందుల షాపుకు వెళ్లి పసిబిడ్డకు పొడి పొట్లాలు కొనవద్దు. ఒడిశాలో వాడినది ప్రత్యేకంగా ఎంపిక చేసి పరీక్షించిన ఒకే ఒక రకం. షాపులో దొరికేవన్నీ అదే పని చేయవు. నెలలు నిండని బిడ్డలకు ఇలాంటి ఉత్పత్తులు ప్రమాదం కావచ్చని 2023 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వైద్యులను హెచ్చరించింది. ఇచ్చిన బ్యాక్టీరియాయే రక్తంలో చేరి ఒక శిశువు మరణించడం ఆ హెచ్చరికకు కారణం. ఇంకొకటి కూడా మరువకండి: ఒడిశా పిల్లలంతా తల్లిపాలు తాగుతున్నవారే. ఏ పొడి అయినా తల్లిపాల తరువాతే.

ఈ స్నేహాన్ని చెడగొట్టేవి

1. తేనె, పంచదార నీళ్లు, ఆముదం: ఇవి బిడ్డ కడుపు నింపి పాలు చీకడాన్ని తగ్గిస్తాయి, క్రిములను లోపలికి తెస్తాయి. తేనెలో ఒక్కోసారి 'బొటులిజం' అనే జబ్బు కలిగించే క్రిమి బీజాలు ఉంటాయి. పెద్దవాళ్ల పేగుల్లోని బ్యాక్టీరియా వాటిని మొలకెత్తనివ్వవు. పసిబిడ్డ పేగుల్లో ఆ కాపలా ఇంకా లేదు. అందుకే ఏడాది నిండేవరకు తేనె పనికిరాదు. ఆరుగురికి ఏమీ కాకపోవచ్చు. ఏడోబిడ్డకు అయితే?

2. అవసరం లేని పోతపాలు: డబ్బాపాలు మొదలుపెడితే పేగుల్లో చేరే బ్యాక్టీరియా రకాలు మారిపోతాయి. సీసా, పీక శుభ్రంగా లేకపోతే విరేచనాలు తప్పవు.

3. అవసరం లేని యాంటీబయాటిక్స్: ఇవి శత్రువును, మిత్రుడిని వేరుచేసి చూడలేవు. కలుపుతో పాటు పైరు కూడా పోతుంది. మామూలు జలుబు, చాలావరకు నీళ్ల విరేచనాలు వైరస్‌ల వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పెద్దవాళ్లలో కూడా యాంటీబయాటిక్స్ వాడిన తరువాత 'క్లాస్ట్రిడియం డిఫిసిల్' అనే క్రిమి చెలరేగి తీవ్రమైన విరేచనాలు రావడం ఉంది. 2013లో నెదర్లాండ్స్ వైద్యులు, ఈ జబ్బు తిరగబెడుతున్న 16 మందికి ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను పేగుల్లోకి పంపారు. వారిలో 13 మందికి మొదటిసారికే నయమైంది. వినడానికి రోతగా ఉన్నా, పోయిన ఊరిని తిరిగి నిలబెట్టడమే ఆ వైద్యం.

ఒక్క మాట. సెప్సిస్, న్యుమోనియా వంటి జబ్బుల్లో యాంటీబయాటిక్ ప్రాణదాత. వైద్యుడు రాసినప్పుడు తప్పక, చెప్పినన్ని రోజులు వాడాలి. వద్దన్నది చీటీ లేకుండా కొనడాన్ని, పోయినసారి మిగిలిన సిరప్‌ను మళ్లీ పట్టడాన్ని. బిళ్లల అట్ట మీద నిలువుగా ఎర్రగీత కనిపిస్తే అది వైద్యుని చీటీ లేకుండా వాడకూడని మందని గుర్తుపెట్టుకోండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయికి సిజేరియన్ అయింది. బిడ్డకు మంచి బ్యాక్టీరియా అందవా?

జవాబు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారానే జరిగాయి. కాబట్టి ఇది చాలా ఇళ్ల ప్రశ్న. మామూలు కాన్పులో తల్లి పేగుల్లోని బ్యాక్టీరియా బిడ్డకు ఎక్కువగా చేరతాయి. సిజేరియన్‌లో ఆసుపత్రి పరిసరాల్లోని రకాలు ముందు చేరతాయి. కాని ఈ తేడా నెలలు గడిచేకొద్దీ చాలావరకు తగ్గుతుంది. అవసరమైన ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ బతికిస్తుంది, దాని గురించి బాధపడకండి. అవసరం లేకుండా, ముహూర్తం కోసం మాత్రం అడగకండి. ఆపరేషన్ తరువాత తల్లి మెలకువగా ఉంటే మొదటి గంటలోనే పాలు పట్టించవచ్చు. అమ్మమ్మగారు బిడ్డను పట్టుకుని సాయం చేస్తే చాలు.

ప్రశ్న: తల్లికి జ్వరం, యాంటీబయాటిక్ వాడుతోంది. పాలు మానిపించాలా?

జవాబు: చాలా మందులతో పాలు ఇవ్వవచ్చు. మీ అంతట మీరు మానిపించకుండా వైద్యుని అడగండి.

ప్రశ్న: బరువు తక్కువ బిడ్డను తల్లి గుండెలకు ఆనించి పెట్టమంటున్నారు. క్రిములు అంటవా?

జవాబు: తల్లి ఒంటిమీద ఉండే మామూలు సూక్ష్మజీవులు బిడ్డకు అందడం మంచిదే. భారతదేశంతో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, పుట్టిన వెంటనే ఇలా తల్లి చర్మానికి ఆనించి ఉంచిన తక్కువ బరువు బిడ్డల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. చూడడానికి వచ్చే బంధువులు మాత్రం చేతులు సబ్బుతో కడుక్కోనిదే బిడ్డను తాకరాదు.

ప్రశ్న: పెద్దవాళ్లం మేమేం తినాలి?

జవాబు: పేగుల్లోని బ్యాక్టీరియాకు కావలసింది పీచు. జొన్న, రాగి, సజ్జ, పొట్టుపప్పులు, ఆకుకూరలు, చిక్కుళ్లు, జామ వంటి పండ్లు తినండి. పీచు పులిసినప్పుడు తయారయ్యే ఆమ్లాలు అతిగా ఉద్రేకపడే రక్షణ కణాలను అదుపులో ఉంచడానికి తోడ్పడతాయని 2013 నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, మజ్జిగ మంచివి. ఆ బ్యాక్టీరియా చాలావరకు పేగుల్లో కాపురం ఉండకుండా వెళ్లిపోతాయి కాబట్టి ఒకరోజు తిని ఊరుకోకుండా రోజూ తినాలి.

ఇంట్లో పాటించవలసినవి

- పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టండి. ముర్రుపాలు ఒక్క చుక్క కూడా పారబోయకండి.
- ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు. వైద్యుడు రాసిన మందులు, విటమిన్ చుక్కలు మాత్రం ఇవ్వాలి.
- ఆరు నెలలు నిండాక మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు, రాగి జావ, కూరగాయలు, పెరుగు మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైన కూడా తల్లిపాలు కొనసాగించండి.
- విరేచనాలయితే ముందు ఓ.ఆర్.ఎస్., జింక్. పాలు ఆపకండి.
- టీకాలు సమయానికి వేయించండి. మంచి బ్యాక్టీరియా టీకాకు బదులు కాదు.

వెంటనే ఆసుపత్రికి తీసుకురండి

రెండు నెలలలోపు బిడ్డ పాలు సరిగా తాగకపోయినా, నిమిషానికి 60 సార్లు గాని అంతకంటే ఎక్కువ గాని ఊపిరి పీలుస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు వేడిగా లేక చల్లగా ఉన్నా, కదలిక తగ్గినా, ఫిట్స్ వచ్చినా, బొడ్డు ఎర్రబడి చీము పట్టినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా తెల్లవారేదాకా ఆగకండి. రాత్రయినా సరే బయలుదేరండి.

మన దేశంలో ఆ సర్వే నాటికి, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకున్న బిడ్డలు 41.8 శాతమే. అంటే సగం మందికి పైగా బిడ్డలకు ఆ తొలి గంట చేజారిపోయింది. దీన్ని మార్చడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. కాన్పు గదిలో బాలింత మాట కంటే, డాక్టరు మాట కంటే అమ్మమ్మ, నాయనమ్మల మాటకే విలువ ఎక్కువ. అమ్మమ్మగారూ, నాయనమ్మగారూ, తేనె సీసాతో వచ్చిన మీ ప్రేమ ఎక్కడికీ పోదు. ఆ చేతులతోనే బిడ్డను తల్లి రొమ్ముకు అందించండి. అప్పుడు ఆ బిడ్డకు ఆయుష్షు పోసినవారిలో మీరు కూడా ఒకరవుతారు.